షార్క్ సంగతి తర్వాత, ముందు పడవ సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 36. పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో పని, ఉండేది ఎంవీపీ కాలనీ. రెండేళ్ల కిందట అండమాన్ వెళ్లినప్పుడు హేవ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు) చేశాను. తర్వాత అక్కడా, మన రుషికొండలోనూ కలిపి పాతిక దాకా డైవ్‌లు అయ్యాయి. షార్క్‌లను దగ్గర్నుంచి చూడాలని ఎప్పటి నుంచో కోరిక. వచ్చే ఫిబ్రవరిలో మాల్దీవులకు లైవ్‌అబోర్డ్ ట్రిప్ అనుకుంటున్నాను. ట్రిప్ అన్నాళ్లూ పడవలోనే తిండి, పడవలోనే పడక. వెతగ్గా రెండు పడవలు తేలాయి. మొదటిది దక్షిణాది అటాల్స్‌కు, అంటే పగడపు దీవుల గుంపులకు, పోతుంది, పది రాత్రులు, 'టైగర్ షార్క్‌లు గ్యారంటీ' అని రాశారు, డిస్కౌంట్‌లో రేటు బాగా తగ్గింది. రెండోది మాలేకి దగ్గర్లోని మధ్య అటాల్స్‌లో ఏడు రాత్రులు తిరుగుతుంది, రోజు లెక్కన చూస్తే ఇదే ఎక్కువ ఖరీదు. మా బావమరిది కూడా వస్తానంటున్నాడు. అతనికి ఈత వచ్చు గానీ డైవింగ్ రాదు. నాకేమో పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుంది. అమ్మకు చెప్పినప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ఏ పడవ ఎక్కమంటారు?
— ఆర్., విశాఖపట్నం

జవాబు:

రెండోది ఎక్కండి ఆర్. గారూ. అది కూడా కింద రాసిన ప్రశ్నలు అడిగి, వాళ్లు తిన్నగా జవాబు చెబితేనే.

ముందు మీ అమ్మగారి టెన్షన్ సంగతి. మన తీరంలో పుట్టిపెరిగిన ఆవిడకు సొరచేప కొత్త కాదు. బాలింతలకు పాలు పడాలని పాలసొర వండిపెట్టే ఇళ్లు మనవి. ఆవిడ భయం టీవీలో నోరు తెరుచుకుని వచ్చే షార్క్ గురించి. ఆవిడకు ఈ లెక్క చెప్పండి: అమెరికాలో ఫ్లోరిడా మ్యూజియం నడిపే ఇంటర్నేషనల్ షార్క్ అటాక్ ఫైల్ ప్రకారం, మనిషి కవ్వించకుండానే షార్క్ కరిచిన ఘటనలు ప్రపంచమంతా కలిపినా ఏడాదికి అటూ ఇటూగా 60, 70. అందులోనూ ఎక్కువమంది సర్ఫింగ్ చేసేవాళ్లు, ఒడ్డున ఈదేవాళ్లు. మాల్దీవుల రీఫ్‌ల మీద మీకు కనిపించే గ్రే రీఫ్ షార్క్, వైట్ టిప్, నర్స్ షార్క్ మన జోలికి రావు, మనం వాటి జోలికి వెళ్లనంత వరకు. అలాగని ప్రమాదం సున్నా అని అబద్ధం చెప్పకండి. 2017 నవంబర్‌లో కోస్టారికాకు చెందిన కోకోస్ దీవి దగ్గర టైగర్ షార్క్ దాడిలో ఒక డైవర్ చనిపోయారు. అది చాలా అరుదు, కానీ జరిగింది.

ఇప్పుడు అసలు భయపడాల్సిన దాని గురించి. డైవింగ్ ట్రిప్పుల్లో ఒకేసారి ఎక్కువమంది చనిపోయిన ఘటనలు చూస్తే కారణం షార్క్ కాదు, పడవ. 2019 సెప్టెంబర్ 2న తెల్లవారుజామున అమెరికాలో కాలిఫోర్నియా తీరం దగ్గర కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తగలబడి 34 మంది పోయారు. వాళ్లంతా కింది డెక్‌లో నిద్రపోతున్నవాళ్లు. మంట ఎలా మొదలైందో కచ్చితంగా తేలలేదు గానీ రెండు విషయాలు తేలాయి. రాత్రి మేలుకుని పడవంతా తిరిగి చూసే మనిషి లేడు. కింది డెక్ నుంచి పైకి రావడానికి మెట్లు ఒకటి, అత్యవసర ద్వారం ఒకటి ఉన్నా, రెండూ తెరుచుకునేది పైనున్న ఆ ఒక్క హాల్లోకే. ఆ హాలే తగలబడుతోంది. 2024 నవంబర్ 25న ఈజిప్టులో మర్సా ఆలం దగ్గర సీ స్టోరీ అనే లైవ్‌అబోర్డ్ మునిగిపోయింది. తిరగబడ్డ పడవ లోపల గదుల్లో ఒక రోజుకు పైగా చిక్కుకుని ప్రాణాలతో బయటపడ్డవాళ్లున్నారు, బయటపడనివాళ్లూ ఉన్నారు.

పడవకు మంట అంటుకుంటే ఎంత తొందరగా పాకుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 నవంబర్ 19 రాత్రి మన ఫిషింగ్ హార్బర్‌లో పదుల కొద్దీ బోట్లు ఒకదాని నుంచి ఒకటి అంటుకుని కాలిపోయాయి. అవి రేవులో కట్టేసి ఉన్నవి, నేల పక్కనే ఉంది. నడిసముద్రంలో అదే జరిగితే దిగడానికి నేల ఉండదు.

అందుకే బుకింగ్ చేసేవాళ్లకు మెయిల్ పెట్టండి. ఫోన్ వద్దు, రాతలో ఉండాలి. రాత్రిపూట డ్యూటీ మీద మేలుకుని ఉండే సిబ్బంది ఉన్నారా, ఎన్ని గంటలకొకసారి పడవంతా తిరుగుతారు? మీకు ఇచ్చే గది ఏ డెక్‌లో? కింది డెక్ అయితే బయటికి రెండు దారులు ఉన్నాయా, ఆ రెండూ వేర్వేరు చోట్ల తేలతాయా? కెమెరా, టార్చి బ్యాటరీలు ఎక్కడ చార్జింగ్ పెట్టనిస్తారు, రాత్రంతా ఎవరూ లేకుండా వదిలేస్తారా? లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే నీళ్లు చల్లినంత మాత్రాన తేలిగ్గా ఆరదు. పద్ధతిగా నడిపే పడవల్లో చార్జింగ్‌కు వేరే చోటు, వేళలు పెడతారు. ఇవి అడిగితే కొందరు 'డోంట్ వర్రీ సర్, అవర్ బోట్ ఈజ్ వెరీ సేఫ్' అని ఒక్క లైను రాసి పంపుతారు. అలాంటి పడవను అక్కడే వదిలేయండి. మంచి పడవవాళ్లు ఈ ప్రశ్నలకు విసుక్కోరు, డెక్ ప్లాన్ కూడా పంపుతారు.

పడవ ఎక్కిన మొదటి సాయంత్రం అందరూ ఫొటోలు దిగుతుంటారు. మీరు మాత్రం మీ గది దగ్గర్లోని అత్యవసర ద్వారం వెతికి, పట్టుకుని తెరిచి చూడండి. దాని మీద పరుపు వేసి ఉండొచ్చు, ఎవరిదో సూట్‌కేసు పెట్టి ఉండొచ్చు, గొళ్లెం తుప్పు పట్టి ఉండొచ్చు. చీకట్లో చేత్తో తడిమితే దొరుకుతుందా లేదా కళ్లు మూసుకుని ఒకసారి ప్రయత్నించండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. పైడెక్ గది దొరికితే వేరే మాట లేకుండా అదే తీసుకోండి, కొంచెం ఎక్కువైనా. పైన ఊగుడు కాస్త ఎక్కువ తెలుస్తుంది నిజమే, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక డైవింగ్. మీరు నొచ్చుకోకుండా వినాలి: పాతిక డైవ్‌లు, ఓపెన్ వాటర్ కార్డు దక్షిణాది ట్రిప్‌కు చాలవు. ఓపెన్ వాటర్ కార్డు ఉన్నవాళ్ల హద్దు 18 మీటర్లు. మాల్దీవుల్లో షార్క్‌లను చూసే డైవ్‌లు చాలావరకు 25 నుంచి 30 మీటర్ల మధ్య జరుగుతాయి. అక్కడ సరదా డైవింగ్‌కు చట్టప్రకారం 30 మీటర్లే హద్దు. పైగా అవి రుషికొండలోలాగా, హేవ్‌లాక్‌లోలాగా ఒకచోట తాపీగా తిరిగే డైవ్‌లు కావు. అటాల్ అంటే ఉంగరంలా ఉన్న పగడపు దిబ్బ. ఆ దిబ్బకు అక్కడక్కడా గండ్లు ఉంటాయి, వాటిని ఛానెల్స్ అంటారు, స్థానికంగా కందు. బయటి సముద్రం నీళ్లు ఆ గండ్లలోంచి లోపలికి తోసుకొస్తాయి. ఆ ప్రవాహానికి ఎదురుగా, గండి అంచు మీద గ్రే రీఫ్ షార్క్‌లు రెక్క ఆడించకుండా నిలబడి ఉంటాయి. మీరు బయట నీలం నీళ్లలో దూకి, గబగబా దిగి, అంచు దగ్గరికి చేరి, రీఫ్ హుక్‌ను చచ్చిన రాయికి తగిలించి, తాడు చివర గాలిపటంలా వేలాడుతూ వాటిని చూడాలి. దిగడం పది సెకన్లు ఆలస్యమైతే ప్రవాహం మిమ్మల్ని గండి లోపలికి తీసుకుపోతుంది, షో అక్కడితో ఆఖరు.

గాలి లెక్క కూడా చూసుకోండి. అక్కడ మామూలుగా ఇచ్చేది 12 లీటర్ల సిలిండర్, 200 బార్ పీడనానికి నింపితే 2400 లీటర్ల గాలి. పైకి వచ్చేసరికి 50 బార్ మిగలాలి, అంటే వాడుకోవడానికి 1800. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 30 మీటర్ల లోతులో 80 లీటర్లు పీలుస్తాడు, ఎందుకంటే అక్కడ పీడనం నాలుగింతలు. 22 నిమిషాలు వస్తుంది, అందులోనే దిగడం, ఎక్కడం, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం. కొత్తవాళ్లు కంగారులో నిమిషానికి 30 లీటర్లు లాగేస్తారు. అప్పుడు 15 నిమిషాలే. మీ వల్ల గ్రూపంతా పైకి రావాల్సి వస్తుంది, లేదా మీరొక్కరే నడిసముద్రంలో తేలతారు. రెండూ బాగోవు. 15 లీటర్ల సిలిండర్ అద్దెకు ఇస్తారేమో ముందే అడగండి, మొహమాటపడాల్సింది ఏమీ లేదు. నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) తీసుకుంటే లోతులో ఉండే టైమ్ హద్దు పెరుగుతుంది గానీ సిలిండర్‌లో గాలి పెరగదు, ఈ రెండూ కలిపేసుకునేవాళ్లు చాలామంది.

కాబట్టి ఫిబ్రవరిలోపు మూడు పనులు. ఓపెన్ వాటర్ తర్వాతి మెట్టు అడ్వాన్స్‌డ్ కోర్సు పూర్తి చేయండి, అది పడవ మీద కాకుండా ముందే. ట్రిప్‌లో మంచి డైవ్‌లు కోర్సుకు తగలేయడం దండగ. నైట్రాక్స్ కోర్సు ఒక పూట పని. మూడోది రుషికొండలోనే చేయొచ్చు: నీళ్లలోంచి సిగ్నల్ బెలూన్ పైకి వదలడం. మన దగ్గర నీళ్ల లోపల చూపు మంచి రోజున కూడా కొద్ది మీటర్లే, దాన్ని చాలామంది తిట్టుకుంటారు. నన్నడిగితే నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. నేల కనబడని మసక నీళ్లలో 5 మీటర్ల దగ్గర కదలకుండా నిలబడి, రీల్ చిక్కు పడకుండా బెలూన్ వదలగలిగితే మాల్దీవుల అద్దంలాంటి నీళ్లలో కళ్లు మూసుకుని చేస్తారు. ప్రవాహంలో గ్రూపు నుంచి విడిపోయిన డైవర్‌ను పడవవాళ్లు గుర్తుపట్టేది ఆ నారింజ రంగు బెలూన్ చూసే.

ఆ పడవవాళ్ల గురించి ఇంకో మాట. మాల్దీవుల్లో పెద్ద పడవ వెంట ధోని అనే చిన్న పడవ ఉంటుంది. సిలిండర్లు, కంప్రెసర్, సామాను అన్నీ దాంట్లో. డైవ్‌కు వెళ్లేది దాంట్లోనే. వేరే ధోని ఉందా, డైవర్లు నీళ్లలో ఉన్నంతసేపూ దాని మీద బుడగలు చూస్తూ ఉండే మనిషి ఎవరు, ఒక్కో గైడ్‌కు ఎంతమంది అని అడగండి. నలుగురికి ఒక గైడ్ అయితే హాయి. ఎనిమిది మందిని ఒక్కరికి అప్పగించే పడవలో మీలాంటి కొత్తవారు వెళ్లకపోవడమే మంచిది. మొదటి రోజు నెమ్మదైన చోట చెక్ డైవ్ చేయిస్తారు. దాన్ని ఎగ్గొట్టి నేరుగా ఛానెల్‌కు తీసుకుపోతామనేవాళ్లు ఉదారంగా ఉన్నారని సంతోషించకండి.

ఇప్పుడు ఆ 'గ్యారంటీ'. సముద్రంలో జంతువుకు గ్యారంటీ ఇచ్చారంటే ఎర వేస్తున్నారని అర్థం, లేదా అబద్ధమాడుతున్నారని. టైగర్ షార్క్‌ల విషయంలో మొదటిదే. మాల్దీవుల దక్షిణ కొసన భూమధ్యరేఖ దాటాక ఫువాముల అనే దీవి ఉంది. అక్కడి హార్బర్‌లో చేపలు కోసి తలలు, పేగులు నీళ్లలో పారేయడం ఎప్పటి నుంచో అలవాటు, టైగర్ షార్క్‌లు దానికి మరిగాయి. ఇప్పుడు డైవింగ్ వాళ్లు కూడా చేప తలలు రాళ్ల కింద పెట్టి వాటిని రప్పిస్తారు. ఎర వేయడం మంచిదా చెడ్డదా అని డైవర్లలో ఎడతెగని వాదన ఉంది. బతికున్న షార్క్ వల్ల దీవికి డబ్బొస్తోంది కాబట్టి దాన్ని ఎవరూ చంపనివ్వరు అనేది ఒక పక్షం. మాల్దీవులు 2010లోనే షార్క్ వేటను పూర్తిగా నిషేధించడంలో ఈ లెక్కకూ పాత్ర ఉంది. మనిషిని తిండితో ముడిపెట్టుకోవడం షార్క్‌కు నేర్పకూడదు అనేది రెండో పక్షం. నా మొగ్గు రెండో పక్షానికే. కానీ ఫువాముల వెళ్లొచ్చినవాళ్లను తప్పుపట్టను.

అయినా టైగర్ షార్క్ చూడాలనుకుంటే దానికి లైవ్‌అబోర్డ్ ఎందుకు? ఫువాములలో విమానాశ్రయం ఉంది, మాలే నుంచి దేశీయ విమానాలు నడుస్తాయి. దీవి మీదే గెస్ట్‌హౌస్‌లో ఉండి రోజూ డైవ్‌కు వెళ్లి రావొచ్చు. లోతు కూడా తక్కువ. మీ చేతిలో ఇంకో యాభై డైవ్‌లు అయ్యాక ఇంకో ఏడాది వెళ్లండి. అక్కడ గైడ్ చెప్పే మొదటి రూలు: షార్క్ మీద నుంచి చూపు తిప్పొద్దు, వెనక్కి తిరగొద్దు, చేతులు ఆడించొద్దు. నాలుగు మీటర్ల జంతువు మీ వైపు నింపాదిగా వస్తుంటే ఆ మూడూ పాటించాలంటే ముందు మీ తేలుడు మీ అదుపులో ఉండాలి. మోకాళ్ల మీద నిలబడలేక కిందా మీదా పడేవారికి అది చోటు కాదు.

మీరు ఎంచుకున్న నెల మాత్రం బాగుంది. మనకు ఈశాన్య రుతుపవనాలంటే తుపాన్లు గుర్తొస్తాయి. మాల్దీవుల్లో అది పొడి కాలం, ఎండ కాలం. ఆ నెలల్లో ప్రవాహం తూర్పు నుంచి పడమరకు పోతుంది. అంటే తూర్పు వైపు గండ్లలోకి బయటి సముద్రపు తేట నీళ్లు వస్తాయి, షార్క్‌లూ అటువైపే. పడమటి వైపు నుంచి బయటికి పోయే నీళ్లలో ప్లాంక్టన్ ఎక్కువ, మాంటా రేలు అక్కడ. కాబట్టి రెండో పడవ రూటు తెప్పించుకుని వావు అటాల్ తూర్పు గండ్లు, దక్షిణ అరి అటాల్ ఉన్నాయో లేదో చూడండి. రెండూ ఉంటే ఇక వెతకొద్దు. వావులో అలిమతా జెట్టీ దగ్గర రాత్రి డైవ్‌లో నర్స్ షార్క్‌లు పదుల్లో తిరుగుతాయి, ఒంటికి రాసుకుంటూ పోతాయి. అదీ చేప ముక్కల అలవాటు వల్లే, చెప్పకుండా దాచడం ఎందుకు.

దక్షిణ అరి అటాల్‌లో తిమింగల సొరలు, అంటే వేల్ షార్క్‌లు, ఏడాది పొడుగునా ఉంటాయి. మీ బావమరిదికి అదే పండగ. ఆ చేప నీటి పైభాగంలోనే ఈదుతుంది కాబట్టి ముక్కుకు మాస్క్, నోట్లో స్నార్కెల్ పెట్టుకుని అతనూ చూడొచ్చు. తాకొద్దు, దాని దారికి అడ్డం పడొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు. ఇదే చేప 2021 డిసెంబర్‌లో మన తంతడి తీరంలో వలలో పడితే అటవీ శాఖ వాళ్లు, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. మన దేశంలో 2001 నుంచి వేల్ షార్క్‌ను వేటాడటం నేరం, పులికి ఉన్న రక్షణే దానికీ. అతను మిగతా రోజుల్లో విసుగు పడకుండా, డైవింగ్ చేయనివాళ్లకు రేటు తగ్గిస్తారేమో, రోజూ స్నార్కెలింగ్‌కు తీసుకెళ్లే మనిషి ఉంటాడేమో అడగండి. ఛానెల్‌లో మాత్రం అతన్ని దింపొద్దు, ఈత వచ్చినా సరే.

కడుపులో తిప్పడం గురించి. మధ్య అటాల్స్ రూటులో పడవ ఎక్కువగా దిబ్బల లోపలి నీళ్లలోనే తిరుగుతుంది, రాత్రి లంగరు వేస్తారు, కాబట్టి పర్వాలేదు. దక్షిణాది రూటులో అటాల్‌కూ అటాల్‌కూ మధ్య బయటి సముద్రం దాటాలి, అక్కడ మీకు నరకమే. మొదటి పడవ వద్దనడానికి ఇదొక కారణం. బస్సు ప్రయాణానికి వేసుకునే అవొమిన్ మత్తు తెస్తుంది, డైవ్‌కు ముందు అలాంటివి సొంతంగా మింగొద్దు. డైవింగ్‌కు అని చెప్పి డాక్టర్‌ను అడిగి, ఆయన ఇచ్చిన మాత్ర ఇక్కడే ఒకసారి వేసుకుని ఒళ్లు ఎలా ఉంటుందో చూసుకోండి. బీపీ, ఉబ్బసం, చెవి బాధలు ఏమున్నా మెడికల్ ఫారంలో దాచొద్దు.

మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్కూబా డైవింగ్‌ను మినహాయించడం ఎక్కువ, పాలసీ కాగితం చివరి పేజీలు చదవండి. డైవర్లకు వేరేగా ఇన్సూరెన్స్ ఉంటుంది, డాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్) వాళ్లది డైవర్లందరికీ తెలిసినదే. అది తీసుకోండి. డైవింగ్ వల్ల ఒంట్లో నైట్రోజన్ బుడగలు కడితే ప్రెషర్ చాంబర్‌లో పెట్టాలి. మాలే పక్కనే బాండోస్‌లో, రస్దూ దగ్గర కురమతిలో చాంబర్లు ఉన్నాయి. మధ్య అటాల్స్‌లో ఉన్నంతకాలం మీరు వాటికి మరీ దూరం వెళ్లరు. పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఎన్ని గంటలకు సరిపోతుందో కూడా అదే మెయిల్‌లో అడిగేయండి.

రేటు పోల్చేటప్పుడు ఇంధనం సర్‌చార్జి, గ్రీన్ ట్యాక్స్, నైట్రాక్స్, సామాను అద్దె, సిబ్బందికి టిప్పు అన్నీ కలిపి పోల్చండి. డిస్కౌంట్ పడవలు చాలావరకు ఇవి బయట పెట్టే రేటు చూపిస్తాయి. చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు, నా మాట వింటే 24 గంటలు ఉండాలి. మంచి పడవల్లో ఆఖరి రోజు డైవ్‌లు పొద్దున్నే ముగించేస్తారు. విశాఖకు తిరుగు టికెట్లు బుక్ చేసేటప్పుడు బెంగళూరు మీదుగానో, ఇంకెక్కడి నుంచో మాలే నుంచి పొద్దున బయల్దేరే చవక విమానం కనిపిస్తుంది. పడవ దిగే టైమ్, ఆఖరి డైవ్ టైమ్ రాతలో తెప్పించుకున్నాకే దాన్ని పట్టుకోండి.